పిట్ట కొంచెం, లెన్సు ఘనం

ఆదివారం తెల్లవారుజామున, అలారం మోగకముందే, ఎవరూ లేపకుండా లేచి కూర్చునే మొగుణ్ణి చూస్తే ఏ ఇల్లాలికైనా ముచ్చటేస్తుంది. మా ఆవిడకీ వేసింది, కొన్నాళ్ళపాటు. పాల ప్యాకెట్టు కోసం వీధి చివరిదాకా వెళ్ళమంటే మోకాళ్ళ నొప్పులనే మనిషి, కొల్లేటి గట్ల మీద బురదలో ఆ మోకాళ్ళ మీదే పాకుతున్నాడని తర్వాత తెలిసింది. ఎవరో చెప్పలేదు. ఉతకడానికి వేసిన ప్యాంటే చెప్పింది.

మాది ఏలూరు. మా ఆవిడ జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచరు. నా కష్టాలన్నీ ఈ రెండు వాక్యాల్లోనే ఉన్నాయి. ఏలూరు నుంచి కాసేపు బండి తోలితే చాలు, కొల్లేరు. 1999లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది. కాబట్టి అక్కడ పిట్టల్లేవు, అందుకే ఫొటోలు రాలేదని బుకాయించే వీల్లేదు. ఇక ఏటా పదో తరగతికి కటకాల పాఠం చెప్పే మనిషిని ఇంట్లో పెట్టుకుని, తప్పు లెన్సుదని నెట్టేసే వీలూ లేదు.

కెమెరా కొనడానికి నేను పెట్టుకున్న అర్జీలో మూడు లాభాలు చూపించాను. పొద్దున్నే నడక, దాంతో ఆరోగ్యం. ఫోను చూడ్డం తగ్గుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఓపిక పెరుగుతుంది. నా ఓపిక మీద మా ఇంట్లో ఎవరికీ సదభిప్రాయం లేదు. చీరల కొట్లో రెండో చీర మడత విప్పేలోపు నేను బయట చెప్పుల దగ్గర ఉంటాను. అందుకే ఆ మూడో లాభం దగ్గర ఆవిడ కొంచెం మెత్తబడింది. "నిజంగానే పెరుగుతుందంటారా?" అంది. పక్షుల ఫొటో అంటే సగం తపస్సే అన్నాను.

నడక సంగతి ముందే చెప్పేస్తాను. ఈ పనిలో నడిచేవాడికి పిట్ట దొరకదు, కూర్చున్నవాడికి దొరుకుతుంది. కాబట్టి కూర్చున్నాను. ఇంతకుముందు సోఫాలో, ఇప్పుడు గట్టు మీద, అంతే తేడా. ఫోను సంగతీ అంతే. గోధుమరంగు పిట్ట ఫొటో ఒకటి గ్రూపులో పెట్టి, అదేమిటో తేలేదాకా అర్ధరాత్రి వరకూ అపరిచితులతో వాదులాట. ఓపిక మాత్రం నిజంగానే పెరిగింది. ఎటొచ్చీ అది పిట్టల వరకే.

ఈ దారిలోకి కొత్తగా దిగేవాళ్ళకి నా మొదటి సలహా, నాలాగా దిగొద్దని. లెన్సు ఊడదీసే పని లేకుండా, జూమ్ బాగా ఎక్కువగా ఉండే బ్రిడ్జ్ కెమెరాలు దొరుకుతాయి. తేలిక, ఖర్చు తక్కువ. మంచి ఎండలో, కొమ్మ మీద కుదురుగా కూర్చున్న పిట్టకి అవి చాలు. వెలుతురు తగ్గినా, పిట్ట ఎగిరినా తడబడతాయి, నిజమే. మొదట్లో మనమూ తడబడతాం కాబట్టి జోడీ కుదురుతుంది. పెద్ద లెన్సే కావాలనుకుంటే ముందు శని, ఆదివారాలకు అద్దెకు తెచ్చుకోవాలి. సోమవారం తిరిగిచ్చేటప్పుడు మనసు ఏడ్చిందా, భుజం ఊపిరి పీల్చుకుందా చూసుకుని అప్పుడు కొనాలి. నేను ఇవేవీ చెయ్యలేదు. పాత కెమెరా బాడీ ఒకటి, దానికి 150–600 మిల్లీమీటర్ల లెన్సు ఒకటి, ఒకేసారి ఇంటికి తెచ్చాను.

మా ఆవిడ దాని ధర అడగలేదు. బడి నుంచి స్ప్రింగ్ త్రాసు తెచ్చి, లెన్సును సంచీలో పెట్టి వేలాడదీసింది. ముల్లు రెండు కిలోల దాకా దిగింది. "మొన్న రెండు కిలోల కందిపప్పు తెమ్మంటే నడుం పట్టేసిందన్నారు కదూ" అంది. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడలేదు.

మొదటి వేట ఆటపాక. కైకలూరు పక్కన కొల్లేట్లో పక్షుల కేంద్రం అది. చెట్లు చాలక, గూడబాతుల గూళ్ళ కోసం నీళ్ళల్లో ఇనుప స్టాండ్లు పాతారు. చలికాలంలో వాటి నిండా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, వాటి పిల్లలు, ఆ పిల్లల గోల. పడవెక్కించి చుట్టూ తిప్పుతారు. గూడబాతంటే నాలుగైదు కిలోల పక్షి, రెక్కలు చాపితే రెండు మీటర్లు దాటుతుంది. దాన్ని గురి తప్పడం చాలా కష్టం. నేను తప్పలేదు. ప్రతి ఫొటోలోనూ గూడబాతు ఉంది. కాకపోతే ఒక గూడబాతులో రెండు గూడబాతులు ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి వణుకుతూ.

రాత్రి అన్నాల దగ్గర ఆవిడ ఆ ఫొటోలు తిరగేసి, "షట్టర్ ఎంత పెట్టారు?" అని అడిగింది. సెకనులో 160వ వంతు అన్నాను, గర్వంగానే. పప్పులో గరిటె పక్కన పెట్టి పాఠం మొదలుపెట్టింది. "ఇంత పొడుగు నాభ్యంతరం ఉన్నప్పుడు ఇక్కడ మీ చెయ్యి రవ్వంత వణికితే, అక్కడ యాభై మీటర్ల అవతల అది పిట్ట తలంత. 600 మిల్లీమీటర్లంటే సెకనులో 600వ వంతు కన్నా నెమ్మదిగా తియ్యకూడదు. మీ కెమెరాలో సెన్సరు చిన్నది, అంటే 1000వ వంతు అనుకోండి." లెన్సులో వణుకు ఆపే యంత్రం ఉందిగా అన్నాను. "అది మీ వణుకును ఆపుతుంది, పిట్ట వణుకును కాదు" అంది.

ఆ మాట కాగితం మీద రాసి కెమెరా సంచీలో పెట్టుకున్నాను. మీరూ పెట్టుకోవచ్చు. కూర్చున్న పిట్టకి ఆవిడ చెప్పిన లెక్క సరిపోతుంది. ఎగిరేదానికి 2000వ వంతు, పసిరిక పిట్టలాంటి చురుకైనవాటికి 3200. లెన్సు ద్వారం (అపెర్చర్) పూర్తిగా తెరిచి, షట్టర్ మనం బిగించేసి, ఐఎస్‌ఓను కెమెరాకు వదిలెయ్యడం నాలాంటివాళ్ళకి సుఖం. ఫొటో కాస్త గరుకుగా వస్తుంది. రానివ్వండి. గరుకును తర్వాత కంప్యూటర్లో నున్నగా చేసుకోవచ్చు, మసకను మాత్రం ఏ దేవుడూ బాగుచెయ్యడు.

రెండోసారి షట్టర్ పెంచుకునే వెళ్ళాను. అయినా గూడబాతులు నీళ్ళల్లో కరిగిపోతున్నట్టు వచ్చాయి. "ఎన్నింటికి తీశారు?" "పదకొండున్నరకి." "ఎండమావి. పదో తరగతి, వక్రీభవనం" అంది ఆవిడ, తల కూడా ఎత్తకుండా. వేడెక్కిన గాలి పొరల్లోంచి వచ్చే కాంతి వంకర్లు పోతుంది. లెన్సుకి ఎంత డబ్బు పోసినా, దానికీ పిట్టకీ మధ్యనుండే గాలి మాత్రం మనం కొన్నది కాదు. పొద్దెక్కకముందే వెళ్ళాలి, లేదా ఎండ తగ్గాక. లేదా పిట్టకి దగ్గరవ్వాలి. ఈ మూడోది చెప్పినంత తేలిక కాదు.

దగ్గరవ్వడం కోసం మనుషులు ఎన్ని వేషాలేశారో చదివాను. ఇంగ్లండులో రిచర్డ్, చెర్రీ కీర్టన్ అని అన్నదమ్ములుండేవారు. పక్షి గూళ్ళ మీద ఆసాంతం ఫొటోలతోనే ఒక పుస్తకం 1895లోనే తెచ్చినవాళ్ళు. వాళ్ళు 1900 ప్రాంతంలో, లోపల డొల్లగా ఉండే ఎద్దు బొమ్మను నిజమైన తోలుతో చేయించుకుని, అందులో దూరి, పొలాల్లో నిలబడి ఫొటోలు తీసేవారు. ఈ పిచ్చి నాతో మొదలవలేదని నిరూపించడానికి ఇదంతా మా అమ్మకి చెప్పాను. అమ్మ శ్రద్ధగా విని, "గంగిరెద్దు కడుపులోంచా? మరి సన్నాయి ఎవరూదేవారురా?" అంది.

ఎద్దు దొరకలేదు కానీ అమ్మ పాత ఆకుపచ్చ చీర దొరికింది. చేపల చెరువు గట్టు మీద, తుప్పల పక్కన, అది కప్పుకుని లెన్సు ఒక్కటే బయటికి పెట్టి కూర్చున్నాను. మెళకువల మాటకొస్తే చెయ్యాల్సింది ఇదే. పిట్ట కళ్ళ ఎత్తుకి దిగి కూర్చోవాలి, సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకోవాలి, కదలకూడదు. పిట్ట దగ్గరికి నడవాల్సివస్తే దానివైపు సూటిగా కాక ఏటవాలుగా, ఎటో పోతున్నట్టు, ఆగి ఆగి పోవాలి. ఎదురుగా నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. నల్లటి పిట్ట వెనక తెల్లటి ఆకాశం ఉంటే ఎక్స్‌పోజర్ ఒక మెట్టు పెంచాలి, నల్లటి నీళ్ళ ముందు తెల్లకొంగ ఉంటే ఒక మెట్టు తగ్గించాలి. ఇది నా అంతట నేనే కనుక్కున్నాను. ఆవిడకి చెబితే, కెమెరాతో వచ్చిన పుస్తకంలో ఉండే ఉంటుందంది. ఉంది.

ఇంతలో వెనక నుంచి గొంతు. "ఎవరండీ అదీ?" చెరువు కాపలా మనిషి. చేతిలో కర్ర. "ఆ పచ్చగా కప్పుకున్నదేంటండీ? వలేనాండీ?"

"వల కాదండీ" అన్నాను కంగారుగా. "చీరండీ."

"చీరాండీ?" అన్నాడతను. వల కన్నా చీర ఎక్కువ అనుమానించదగ్గదని ఆ నిమిషంలో తెలిసొచ్చింది. చీరలోంచి బయటికొచ్చి లెన్సు చూపించి, నీటికాకుల కోసం వచ్చానని వివరించాను. అతని మొహం ఇంకా మాడిపోయింది. "వీటికోసమాండీ! పొద్దస్తమానం మా చేపలన్నీ మింగేసేది ఇయ్యేనండీ. ఇయ్యి రాకుండా చూడ్డానికే నాకు జీతమండీ." మాట పూర్తి కాకుండానే జేబులోంచి టపాసు తీసి వెలిగించాడు. చెరువు మీదున్న నీటికాకులన్నీ ఒక్కసారిగా లేచాయి. జీవితంలో అలాంటి దృశ్యం మళ్ళీ చూడలేదు. ఫొటోలో కూడా చూడలేదు, ఎందుకంటే కూర్చున్న పిట్టలు కదా అని షట్టర్ 250 దగ్గర పెట్టి ఉంచాను. కాబట్టి కెమెరాను ఎప్పుడూ ఎగిరే పిట్టకి తగ్గట్టు అమర్చి ఉంచండి. కూర్చున్నదానికైతే తగ్గించుకునే తీరిక ఉంటుంది.

చీర కన్నా కారు మేలు. మనిషిని చూసి పారిపోయే పిట్ట ఆగి ఉన్న కారును పట్టించుకోదు. ఇంజను ఆపాలి, లేకపోతే లెన్సు అదురుతుంది. ఇంజను ఆగితే ఏసీ ఆగుతుంది. కైకలూరు రోడ్డులో కరెంటు తీగ మీద పాలపిట్ట కనిపించిన రోజు మేమంతా పట్టుబట్టల్లో, బంధువుల గృహప్రవేశానికి వెళ్తున్నాం. అది నేల మీద మిడతను చూసి దిగేటప్పుడు రెక్కల్లో ఆ నీలం కనిపిస్తుంది, అది కావాలి నాకు. ఎప్పుడు దిగుతుందో దానికే తెలియాలి. వెనక సీట్లో చెమటలు తుడుచుకుంటూ అమ్మ, "పాలపిట్ట కనపడ్డం మంచిదేరా, ముహూర్తం దాటిపోవడమే మంచిది కాదు" అంది. మా ఆవిడ ఏమీ అనలేదు. వాచీ చూసుకుంది.

కారు కిటికీ మీద లెన్సు ఆనించడానికి బీన్ బ్యాగ్ కావాలి. మంచివి బజార్లో ఉన్నాయి కానీ ఇంట్లో చేసుకోవచ్చు. మా అమ్మాయి పాత జీన్సు కాలు ఒకటి కత్తిరించి, ఒక మూతి కుట్టి, నింపి, రెండో మూతీ కుట్టేశాను. ఏం నింపాలన్నది ప్రశ్న. ఇసుక పనికిరాదు, కుట్టులోంచి కారి లెన్సు మరల్లోకి పోతుంది. గింజలు శ్రేష్ఠం. వంటింట్లో పై అరలో మినపగుళ్ళ డబ్బా కనిపించింది.

కనుమ నాడు మినుము తినాలంటారు. ఆ సంగతి నాకు కనుమ నాడే గుర్తొచ్చింది. డబ్బా మూత తీసిన చప్పుడు, తర్వాత నిశ్శబ్దం, తర్వాత "ఏవండీ". కారులోంచి బీన్ బ్యాగ్ తెచ్చి అప్పగించాను. ఆవిడ కుట్లు విప్పి, చాటలో పోసి, చెరిగి, నాలుగుసార్లు కడిగి నానబోసింది. గారెలు బాగా వచ్చాయి. అల్లుడి దగ్గర కూర్చుని తినాలని వచ్చిన మా మామగారు మెచ్చుకుంటూ మెచ్చుకుంటూ తిన్నారు. ఆ మినుములు కొల్లేటి గట్లన్నీ తిరిగొచ్చాయని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు బ్యాగు ఖాళీగానే పట్టుకెళ్తాను. వెళ్ళిన ఊళ్ళో రెండు కిలోల బియ్యం కొని నింపుకుని, తిరిగొచ్చేటప్పుడు ఎవరికైనా ఇచ్చేస్తాను. దూర ప్రయాణాల్లో బరువు కలిసొస్తుంది కూడా.

ఇక మా బావమరిది పెళ్ళి. దీని గురించి ఇంట్లో ఇప్పటికీ మాట్లాడకూడదు, కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

"బావా, ఇంత పెద్ద లెన్సుంది, నువ్వు కూడా నాలుగు ఫొటోలు తియ్యాలి" అన్నాడు. పెద్ద లెన్సు అన్నాడు కదా, కాదనలేకపోయాను. నాకున్నది ఆ లెన్సు ఒక్కటే. దానితో చిక్కేమిటంటే, మూడు మీటర్లకి కాస్త ఇవతలికొస్తే ఇక దానికి చూపు ఆనదు. 150 మిల్లీమీటర్ల దగ్గర కూడా మా హాల్లో ఒక మనిషి పూర్తిగా పట్టడు. అమ్మాయి పుట్టినరోజుకి కేకు ఫొటో తియ్యాలంటే ఎదురింటివాళ్ళ వరండాలోంచి తియ్యాల్సివచ్చింది. అలాంటిది పెళ్ళిమండపం. ఆఖరి వరుస కుర్చీల వెనక చోటు చూసుకుని, గట్టు మీద కూర్చున్నట్టే కదలకుండా కూర్చున్నాను. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం రాగానే సెకనుకి పది చొప్పున కొట్టాను.

అన్నీ పంతులుగారి చెవి. సరిగ్గా ఆ క్షణంలో ఆయన ముందుకి వంగారు. ఎంత స్పష్టంగా వచ్చిందంటే, చెవి మీది వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. వెనకున్నదంతా మెత్తగా, అందంగా, రంగులు రంగులుగా కరిగిపోయింది. పోర్ట్రెయిట్‌లో నేపథ్యం అలా కరగాలని పుస్తకాలన్నీ చెబుతాయి. ఆ కరిగిపోయిన నేపథ్యమే మా బావమరిదీ, పెళ్ళికూతురూ.

తర్వాత మామగారు ఆ ఫొటోలన్నీ టీవీలో చూస్తానన్నారు. పంతులుగారి చెవి, వధువు జడలో ఒక చామంతి, బూరె సగం కొరికిన ఒక పెద్దాయన పైవరుస పళ్ళు, చివరగా కళ్యాణమండపం గోడ మీద కాకి. కాకి మాత్రం అద్భుతంగా వచ్చింది. కంట్లో మెరుపుతో సహా. పక్షుల ఫొటోలో కన్ను స్పష్టంగా ఉంటే తోకైనా రెక్కైనా ఎలా ఉన్నా చెల్లుతుందని సూత్రం, అది చక్కగా కుదిరింది. మామగారు కాకిని చాలాసేపు చూశారు. "పితృదేవతలు కూడా వచ్చారన్నమాట" అన్నారు.

లెన్సు దాచుకోవడం గురించి రెండు మాటలు. మా వైపు గాలి ఎప్పుడూ తడిబట్టలాగే ఉంటుంది. తేమ 60 శాతం దాటిందంటే అద్దాల మధ్య బూజు సన్నగా, సాలీడు కాళ్ళలా పాకడం మొదలెడుతుంది. బియ్యం డబ్బాలో పెడితే మంచిదని ఎవరో చెబుతారు, వినొద్దు, తవుడంతా లోపలికి పోతుంది. గాలి దూరని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ చాలు. మా ఇంట్లో గాలి దూరని పెద్ద డబ్బా ఒక్కటే ఉంది, అందులో వడియాలుండేవి. ఆ యుద్ధం వివరాలు అనవసరం. తేమ పీల్చి రంగు మారిన జెల్‌ను వేడి చేస్తే మళ్ళీ పనికొస్తుందని దోసె పెనం తీశాను. "నీలం గింజల్లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది విషం. నా పెనం అక్కడ పెట్టండి" అంది ఆవిడ పక్క గదిలోంచి. పాత మూకుడొకటి విడిగా పెట్టుకున్నాను.

ఇంత తిరిగినవాడి ఇంటికి పిట్ట దానంతటదే వచ్చింది. మొదట చూసింది అమ్మ. "దండేనికి బూజు వేలాడుతోంది, కాస్త దులపమ్మా" అంది కోడలితో. వెనక బాల్కనీలో బట్టలారేసే తీగకి ఎండుటాకులు, పీచు, బెరడు ముక్కలు, సాలెగూళ్ళతో అంటించిన ముద్దొకటి వేలాడుతోంది. దులపడానికి చీపురెత్తిన చేతిని మా అమ్మాయి పట్టుకుంది. తేనెపిట్ట గూడు. చెత్తలా కనిపించడమే దాని రక్షణ. ఇళ్ళ పక్కన, మనుషులు తిరిగేచోట కట్టడానికి ఆ జాతికి పెద్దగా బెరుకు ఉండదు.

నేను పరుగున వెళ్ళి ట్రైపాడ్ తెచ్చేసరికి బాల్కనీ తలుపుకి నోటుపుస్తకం కాగితం అతికించి ఉంది. "ప్రవేశం నిషేధం. ముఖ్యంగా నాన్న."

తప్పు మా అమ్మాయిది కాదు. ఆటపాక నుంచి వస్తూ ఒకసారి కారులో దానికి పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. గూటి దగ్గరికి పోకూడదు. బాగా కనపడాలని చుట్టూ ఉన్న ఆకులు, కొమ్మలు తుంచకూడదు, పిల్లలు ఎండకి మాడతాయి, కాకులకి కనపడతాయి. ఫ్లాష్ కొట్టకూడదు. ఫోనులో కూతలు వినిపించి పిట్టను పిలవకూడదు. తల్లి మేత పట్టుకుని గూట్లోకి వెళ్ళకుండా పక్కన కూర్చుని అరుస్తోందంటే మనం మరీ దగ్గరగా ఉన్నామని అర్థం, వెనక్కి తగ్గాలి. మంచి ఫొటో కన్నా పిట్ట ముఖ్యం. అది చెబుతున్నప్పుడు నా కంఠం కొంచెం వణికిందని కూడా గుర్తు. ఆరో తరగతి పిల్ల ఇంత గుర్తు పెట్టుకుంటుందని ఎవరనుకుంటారు?

బట్టలన్నీ హాల్లోకి వచ్చాయి. అమ్మ మడిచీర నా కంప్యూటర్ కుర్చీ మీద ఆరేది. నాకు వంటింటి కిటికీ ఒక్కటే దొరికింది, అది కూడా అమ్మాయి బాగా ఆలోచించి ఇచ్చిన అనుమతి. ఆ కిటికీకి దోమతెర. దోమతెర ఉన్నా ఫొటో తియ్యొచ్చు. లెన్సు ముందుభాగం తెరకి దాదాపు ఆనించి, ద్వారం పూర్తిగా తెరిస్తే తెర మాయమైపోతుంది, రంగులు కాస్త వెలసినట్టుంటాయంతే. అద్దంలోంచైతే గదిలో లైట్లు ఆర్పెయ్యాలి, లేకపోతే మన మొహమే అద్దంలో పడుతుంది. మా కిటికీకి తెరా ఉంది, ఒక రెక్క అద్దమూ ఉంది. అందువల్ల మా ఆవిడ కొన్నాళ్ళు చీకట్లో వంట చేసింది. "పోపులో ఏది పడితే అది తినాలి మరి" అని ముందే చెప్పింది.

స్టవ్ పక్కన నేను కదలకుండా గంటలు గంటలు నిలబడటం చూసి ఒకరోజు, "ఎలాగూ ఇక్కడే ఉన్నారుగా, మూడు కూతలయ్యాక కుక్కర్ కట్టేయండి" అని బట్టలు మడతపెట్టడానికి వెళ్ళింది. మొదటి కూతకి ఆడపిట్ట గూట్లోంచి తల బయట పెట్టింది. ఆ తర్వాత ఎన్ని కూతలయ్యాయో నాకు తెలియదు. మాడిన పప్పు వాసనకి అమ్మ పూజగదిలోంచి లేచొచ్చింది. మా ఆవిడ గిన్నెను సింకులో పెట్టి, "ఓపిక బాగా పెరిగింది" అంది.

గూడు కట్టింది ఆడపిట్టే, రెండు వారాలపాటు పొదిగిందీ అదే. మగపిట్ట నెత్తి మీద ఆకుపచ్చ, గొంతు మీద ఊదా, వీపు మీద ముదురెరుపు, కింద పసుపు, తీగ చివర్న ఎండలో కూర్చునేది. నేను తీసినవాటిలో ముప్పాతిక దాని ఫొటోలే. ఆవిడ వంకాయలు తరుగుతూ అడిగింది, "ఆ మగది ఏం చేస్తుంటుంది?"

"మెరుస్తుంటుంది" అన్నాను.

"ఊఁ" అంది. కత్తిపీట మీద వంకాయ నాలుగు చెక్కలైంది.

పిల్లలు పుట్టాక మగది కూడా పురుగులు తేవడం మొదలెట్టిందని, దాని పరువు నిలబెట్టడానికి, ఆవిడకి ప్రత్యేకంగా చూపించాను. అప్పటి నుంచి ఆవిడ కిటికీ పక్కన ఒక పాత హాజరుపట్టీ పెట్టుకుంది. పాలు పొంగేలోపు, అన్నం వార్చేలోపు రాసేది. ఎన్నింటికి వచ్చింది, ఏది వచ్చింది, ఆడదా మగదా, ముక్కున ఏముంది. నాకు పిట్ట మెడ తిప్పిన వంపు కావాలి, ఆవిడకి గడియారం ముల్లు. పిల్లలు గూట్లో ఉన్నంతకాలం ఆ పట్టీలో గడులు ఖాళీ పోలేదు. నేను ఆఫీసుకి పోయిన సమయంలో అమ్మ రాసేది, అమ్మ నిద్రపోతే అమ్మాయి. చివరి రోజు పిల్లలు ఎగిరిపోయిన సమయం కూడా అందులో నిమిషాలతో సహా ఉంది. నేను ఆ పూట ఆటపాకలో ఉన్నాను, గూడబాతుల కోసం.

ఆ పట్టీ వాళ్ళ బళ్ళో సైన్స్ ఫేర్‌కి ప్రాజెక్టు అయింది. ఇద్దరు పిల్లలు ఇంటికొచ్చి అంకెలతో గ్రాఫులు గీశారు. పొద్దున్న ఎన్నిసార్లు, మధ్యాహ్నం ఎన్నిసార్లు, తల్లి ఎంత, తండ్రి ఎంత. తండ్రి కడ్డీ చాలా పొట్టిగా వచ్చింది. చార్టుకి ఒక ఫొటో కావాలన్నారు. నా దగ్గరున్న వాటిలో మేలైనది, మగపిట్ట సాయంత్రపు ఎండలో, వెనక అంతా పచ్చగా కరిగిపోయినది, తెరిచి చూపించాను. పిల్లలు "అబ్బా" అన్నారు. మేడమ్ "ఇందులో సమాచారం ఏముంది?" అంది.

మొత్తం ఫోల్డరు తనే తిరగేసి ఒకటి తీసింది. నేను తీసేద్దామనుకుని మర్చిపోయినది. బట్టల క్లిప్పొకటి అడ్డం పడింది, తోక కదిలిపోయింది. ఆడపిట్ట గూట్లోంచి బయటికొస్తోంది, ముక్కున తెల్లటి చిన్న సంచిలాంటిది. పిల్లల రెట్ట ఒక పల్చటి పొరలో మూటకట్టినట్టు వస్తుంది. తల్లి దాన్ని ముక్కున కరుచుకుని దూరంగా పడేసి వస్తుంది, గూడు శుభ్రంగా ఉంటుంది, ఆ జాడ పట్టుకుని శత్రువులు రావు. "కావలసింది ఇదీ" అంది ఆవిడ.

చార్టు మధ్యలో దాన్నే పెద్దది చేసి అంటించారు. పైన ఎర్రసిరాతో "పిల్లల మలాన్ని తీసుకెళ్తున్న తల్లిపక్షి" అని, అడుగున చిన్న అక్షరాల్లో "ఫొటో: మేడమ్ గారి భర్త" అని రాశారు. అది జిల్లా స్థాయికి ఎంపికైంది. అక్కడికి తీసుకెళ్ళేముందు ఇంకో గ్రాఫు కలపాల్సివచ్చి, చోటు చాలక, అడుగు లైను తీసేశారట.